చెక్క గోడ అవతలి గుసగుస

పెద్ద డాక్టరుగారు మెట్లెక్కి తన ఆఫీసుకు వస్తారని ఆరాగారు ఎన్నడూ అనుకోలేదు. చిన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడితే చాలు, నాన్న భుజాన వేసుకుని ఆయన దగ్గరికే పరిగెత్తేవారు. గాజు సీసాలో ఎర్రటి మందునీళ్ళు, మోతాదు తెలిసేలా దాని మీద అంటించిన కాగితం పట్టీ, చేదు పోవడానికి చివర్లో ఓ పంచదార బిళ్ళ. ఆ రోజులు తలచుకుంటే ఆరాగారికి ఇప్పటికీ నోరు తీపవుతుంది.

ఎవరి గుట్టయినా ఆరా తీస్తాడని ఊరు పెట్టిన పేరది. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. ఆయనకు సహాయంగా పనిచేసేది మేనకోడలు. మావయ్యకు తెలియనిది లోకంలో లేదని ఆ పిల్ల నమ్మకం.

డాక్టరుగారు కుర్చీని లాక్కుని, ఆరాగారి ముఖం మీద కిటికీ వెలుగు పడేలా కూర్చున్నారు.

"టీ తాగుతారా, డాక్టరుగారూ?" వెనకనుంచి మేనకోడలు అడిగింది. ఆయన పలకలేదు. పాపం, దిగులుతో ఉన్నారనుకుంది.

"నా ఆస్పత్రిలో పేషెంటు గుట్టు బయటికి పొక్కిందిరా," అన్నారాయన. "సంగీతం టీచరుది. ఆవిడ ఒప్పుకుంది కాబట్టే నీకు చెబుతున్నా. క్షయ వచ్చి తగ్గింది, ఇక ఎవరికీ అంటదు. కానీ ఊళ్ళోవాళ్ళకి క్షయ అన్న ముక్కే అందింది. పిల్లలు పాటకి రావడం మానేశారు. ఆ గదిలో ఉన్నది మేమిద్దరం, నర్సమ్మ. నర్సమ్మని పంపెయ్యకపోతే కేసు వేస్తానంటోంది ఆవిడ. నర్సమ్మ నా దగ్గరే తల నెరిసిన మనిషి. రేపు పొమ్మనాలంటే నాకు నోరు రావడం లేదు."

ఆరాగారు వెళ్ళి చూస్తే ఆస్పత్రి ఏమీ మారలేదు. బయట అదే పొడుగు బెంచీ, అదే మందుల వాసన. డాక్టరు గదికీ బెంచీకీ మధ్య పైకప్పు దాకా వెళ్ళని అదే చెక్క గోడ. గూట్లో రేడియో మాత్రం లేదు. వైరు వేలాడుతోంది.

"రేడియో ఏది, నర్సమ్మా?"

"రిపేరుకి ఇచ్చాం బాబూ. వాడేమో ఇదిగో అదిగో అంటున్నాడు."

"చెవులు చిల్లులు పడేలా పెట్టేదానివట. బెంచీ మీదవాళ్ళు విసుక్కునేవారట."

ఆమె మందు సీసాలు సర్దసాగింది.

"టీచరు సంగతి బయట పెట్టింది నువ్వేనా?"

"కాదు."

"మరెవరు?"

"తెలిసినా చెప్పను బాబూ."

అంతలో డాక్టరుగారు వచ్చారు. నర్సమ్మ ఆయన వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎదురుగా నిలబడ్డాకే మాట్లాడింది.

ఆరాగారు ఆస్పత్రికి పిలిపించిన సంగీతం టీచరు కళ్ళు వాచి ఉన్నాయి. "క్షయ మందు మధ్యలో ఆపకు అన్నారు డాక్టరుగారు. ఆ మాటే పొల్లుపోకుండా వీధంతా అంటోంది, తగ్గిందన్న ముక్క మాత్రం వదిలేశారు," అంది.

"మీరేం చెప్పారు ఆ రోజు?"

"మా అమ్మకి సేవ చేస్తూ తెచ్చుకున్నానని చెప్పాను. తగ్గిందనగానే ఏడుపొచ్చింది, ఇంకేం తలకెక్కలేదు."

"అమ్మగారి సంగతి ఎవరైనా అన్నారా?"

"లేదు."

ఆరాగారు చిన్నగా నవ్వారు. టీచరునూ నర్సమ్మనూ మేనకోడలినీ బెంచీ మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళారు. చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత గోడ మీదుగా డాక్టరుగారి గొంతు స్పష్టంగా వచ్చింది.

"నీ గుట్టు నువ్వే అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నా. పదేళ్ళొచ్చేదాకా పక్క తడిపేవాడివి. మీ నాన్నకి చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకున్నావు!"

మేనకోడలు పైటచెంగు నోట్లో కుక్కుకుంది. టీచరు మాత్రం నవ్వలేదు. గోడకీ పైకప్పుకీ మధ్య ఉన్న ఖాళీ వంకే చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు. డాక్టరుగారి ముఖం పాలిపోయి ఉంది.

"చెప్పమంటారా?" అడిగారు ఆరాగారు.

"చెప్పు. నా గుట్టు, నా అనుమతి."

"ఆయన నా చెవిలో మెల్లగా చెప్పాననే అనుకున్నారు," అన్నారు ఆరాగారు. "నా మాట మీకు వినబడలేదు, ఆయనది వినబడింది. ఊరికి తెలిసింది కూడా ఆ సగమే. నర్సమ్మ చెప్పి ఉంటే అమ్మగారి సంగతీ వచ్చేది. ఆయనకి చెవులు తగ్గాయి. వెలుగులో పెదాలు చూసి మాట్లాడుతున్నారు. ఆయన గొంతు బయటికి రాకుండా ఇన్నాళ్ళూ కాపాడింది ఆ రేడియో. అది ఇక్కడ లేని రోజుల్లో మీరొచ్చారు. బెంచీ మీదవాళ్ళంతా విన్నారు. పెద్దాయనతో ఎలా అంటాం అని ఆయనకి తప్ప అందరికీ చెప్పుకున్నారు."

డాక్టరుగారు నర్సమ్మ వైపు తిరిగారు. "ఉద్యోగం పోతుందన్నా నోరు విప్పలేదేం?"

"పేషెంటు సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయట పెట్టొద్దని నేర్పింది మీరే. చెవులు తగ్గిన మనిషి పేషెంటు కాదా?"

"మరి నాకైనా చెప్పొచ్చుగా."

"చెప్పాలి. అది నా తప్పే. మీరు దవాఖానా మూసేస్తారని భయపడ్డాను," అని ఆమె కళ్ళొత్తుకుంది.

ఆయన ఆ పెదాల వంకే చూసి, తల ఊపారు. తర్వాత టీచరు ముందు చేతులు జోడించారు. "తప్పు నాదమ్మా. చెవికి మిషన్ పెట్టించుకునేదాకా ఈ గదిలో ఎవర్నీ చూడను. నువ్వు కేసు వేసినా కాదనను. నువ్వు సరేనంటే మాత్రం, నీ పిల్లల ఇళ్ళకి నేనే వెళ్ళి జబ్బు తగ్గిందని చెబుతా. వద్దంటే నోరెత్తను."

టీచరు బెంచీని చేత్తో తడిమింది. చిన్నప్పుడు ఆమె కూడా ఈ బెంచీ మీదే పంచదార బిళ్ళ చప్పరించింది.

"రండి, వెళదాం," అంది లేచి. "ఈసారి మెల్లగా చెప్పకండి డాక్టరుగారూ. వీధి చివరిదాకా వినబడాలి."