గౌను అంచు కుట్టేలోపు

కూర్చున్నారా? భగవంతుడి దయవల్ల మనందరి కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. ఇక వినండి.

ఆ చిన్న దీవి నుంచి పెద్ద దీవికి విమానంలో నూట పది కిలోమీటర్లు. పాతిక నిమిషాలు. ఎక్కినట్టే ఉండదు, దిగిపోవాలి. సీటు బెల్టు పెట్టుకోమనే దీపం కూడా ఆర్పరు, ఆర్పే వ్యవధి ఉండదు. సీట్లోంచి ఎవరూ లేవరు.

మన దర్జీ అక్క మధ్యాహ్నం ఎండలో ఆ విమానం ఎక్కింది. పెద్ద దీవి ఆసుపత్రిలో చెల్లెలికి నొప్పులొచ్చాయి. ఏళ్ళ తరబడి మొక్కుకుంటే నిలిచిన కడుపు. "మొదటి గౌను నువ్వే తొడగాలి, అక్కా," అని ఒట్టు వేయించుకుంది చెల్లెలు. ఆ గౌను ఇప్పుడు అక్క ఒళ్ళో ఉంది. అంచొక్కటే మిగిలింది.

"దిగేలోపు అయిపోతుందిలే," అనుకుని, దేవుణ్ణి తలుచుకుని సూది గుచ్చింది. ఇంజిన్ల హోరు. కిరసనాయిలు లాంటి వాసన. పక్కన ఒక ముసలమ్మ, కళ్ళు మూసుకుని.

అంచు అయిపోయింది. దారం కొరికింది. కిటికీలోంచి చూస్తే కింద పెద్ద దీవి, ఎండలో మెరుస్తూ రన్‌వే. విమానం రెక్క వంచింది. తిరిగింది. నీళ్ళు... నీళ్ళు... మళ్ళీ అదే దీవి.

"ఇంకెంతసేపండీ?" ముసలమ్మని అడిగింది.

"పాతిక నిమిషాలే, తల్లీ."

"అది ఎక్కినప్పటి మాట కదా."

"ఇప్పుడూ అంతే."

అప్పుడు చూసింది అక్క. ముసలమ్మ ఒళ్ళోనూ ఒక పసిగౌను. మడతల దగ్గర పసుపెక్కి, చివికిపోయి ఉంది.

లేవబోయింది. బెల్టు ఊడలేదు. ముందు సీట్లలో తలలు... ఒక్కటీ కదలలేదు. మోకాలి మీద పడ్డ ఎండ ఎక్కడిదక్కడే ఉంది.

దీవి మీదికి రాగానే ఫోన్‌కి సిగ్నల్ అందింది. చెల్లెలి నంబరు కలిపింది. చెల్లెలి మొగుడు ఎత్తాడు.

"ఎదురుగా నిలబడి ఫోనేమిటి వదినా, పరాచికాలా?"

"నేను... నేనింకా విమానంలోనే ఉన్నాను, మరిదీ."

అతను నవ్వాడు. "మరి పాపని ఎత్తుకుంది ఎవరు? వచ్చిన దగ్గర్నుంచి దించట్లేదుగా. గౌను కూడా భలే పట్టింది."

"ఆవిడ చేతుల్లోంచి పాపని తీసుకో," అంది అక్క, ఇంజిన్ల హోరులో. "మరిదీ... తీసుకో..."

"ఆఁ? వినబడట్లేదు."

దీవి వెనక్కి జారిపోయింది. లైను తెగింది.

ముసలమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది. "మా ఇంటికీ నేను చేరానట, తల్లీ."

అక్క గౌనుని గుండెకి అదుముకుంది. వెచ్చగా తగిలింది. ఇంతసేపూ చల్లగా ఉన్న గుడ్డ... లోపల ఏమీ లేదు. చూసింది. ఏమీ లేదు.

లోపల్నుంచి ఎవరో తొడుక్కుంటున్నట్టు, గౌను కుడిచెయ్యి మెల్లగా నిండసాగింది.