వస్తున్నానన్న మాట

ఇది అబద్ధమని ఎవరికైనా అనిపిస్తే ఇక్కడే ఆపేసి హాయిగా పడుకోవచ్చు, నాకేం కోపం లేదు. నా కథలు విని వేటకుక్కలు మంచాల కింద దూరిన రోజులున్నాయి. కానీ దీనికి మాత్రం నేను ఉప్పూ కారం ఏమీ కలపలేదు. కలపగలిగినదంతా నాకంటే ముందే వెల్డింగ్ మామయ్య కలిపేశాడు.

వెల్డింగ్ మామయ్య అంటే వీధిలో చిన్నా పెద్దా అందరికీ మామయ్యే. ఆయన అతికించిన గేటును ఏనుగు గుద్దితే ఏనుగే ఆస్పత్రిపాలవుతుంది. ఇనప పీపాను నిలువునా కోసి, నాలుగు కాళ్లు పెట్టి, పైన జాలీ బిగించి ఆయన చేసిన పొయ్యి మీద ముక్క కాలిందంటే, ఆ వాసనకి పథ్యంలో ఉన్నవాళ్లు కూడా నాలుగు వీధుల అవతల నుంచి కంచం పట్టుకుని వచ్చేవారు.

ఆ వేసవి సెలవుల్లో ఆయన, ఆయన భార్య, కూతురు, కొత్త అల్లుడు కలిసి ఆ పొయ్యిని కారు డిక్కీలో వేసుకుని సరస్సుకు వెళ్లారు. ఇరవై రెండేళ్లుగా ఆయన అక్కడికి వెళ్లకుండా ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాడు. ఒకసారి నడుం నొప్పి, ఒకసారి అర్జెంటు పని. ఈసారి అల్లుడు వదల్లేదు.

"మీరు దూకిన చోటు చూడాల్సిందే మామయ్యా. మా ఆఫీసులో అందరికీ చెప్పేశాను."

దూకడం సంగతి ఇది. ఆయనకు ఒక్కడే బావమరిది. నీళ్లలో బుడగలు ఊదుతూ గంటలు గంటలు ఆడేవాడని అందరూ బుడగ అనేవాళ్లు. ఇరవై రెండేళ్ల కిందట, ఇలాంటి సెలవుల్లోనే, ఆ సరస్సులో మునిగి పోయాడు. అతని కోసం మామయ్య బూట్లతో సహా దూకాడు. మొదటి ఏడాది చెప్పినప్పుడు ఆయన ఒక్కసారే మునిగాడు. ఐదేళ్లకు అది మూడుసార్లయింది. పదేళ్లకు పక్కటెముక విరిగింది. కూతురి పెళ్లినాటికి అరగంట ఊపిరి బిగబట్టి సరస్సు అడుగంతా చేతులతో దేవాడు.

మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ నీళ్ల మీద తగరపు రేకులా మెరుస్తోంది. బొగ్గులు ఎర్రబడ్డాయి. నిమ్మరసం, మిరియాలు పట్టించిన కోడి ముక్కలు జాలీ మీద చిటపటలాడుతున్నాయి. పక్కనే మొక్కజొన్న పొత్తులు. కరిగిన వెన్న, పొగ, తడి మట్టి వాసన. కూతురు దుప్పటి పరిచి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన భార్య పళ్లాలు తుడుస్తోంది.

"ఆ పొత్తు మాడుతోంది చూడండి," అంది ఆవిడ.

"మాడలేదే. దాన్ని కాల్చడం అంటారు. ముప్పై ఏళ్లు నిప్పుతో కాపురం చేశాను, నాకు చెప్తావా?"

"నాతో కూడా అన్నేళ్లే చేశారు. ఏం నేర్చుకున్నారు?"

అల్లుడు నవ్వాడు. "అది సరే మామయ్యా, ఎక్కడ దూకారో చూపించండి."

మామయ్య పట్టుకారుతో నీళ్లకేసి చూపించాడు. "అదిగో, ఆ నల్లరాయి దగ్గర. ఇలాగే ముక్కలు కాలుస్తున్నాను. కేక వినబడింది. చేతిలో ఉన్నది ఉన్నట్టే పారేశాను. ఒక్క గెంతు..."

గాలి ఆగిపోయింది.

పైకి పోవాల్సిన పొగ కిందికి దిగింది. గట్టు మీదుగా పాకి, నీళ్ల మీద పరుచుకుంది. నల్లరాయి దాకా వెళ్లి అక్కడ రెండుగా చీలింది. మధ్యలో ఏదో అడ్డు ఉన్నట్టు. దాని చుట్టూ తిరిగి మళ్లీ కలిసింది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

"బావా..."

మెల్లగా. నోట్లో నీళ్లు పెట్టుకుని పిలిచినట్టు.

ఆ పిలుపు పిలిచే నోరు ఈ భూమ్మీద ఒక్కటే ఉండేది. మామయ్య తల తిప్పలేదు. తిప్పకుండానే... అలవాటుగా... నోట్లోంచి మాట జారిపోయింది.

"ఆఁ... వస్తున్నా."

బుడగ పోయిన రోజు కూడా ఆ మాటే అన్నాడు.

బుడగకు ఒక పాడు అలవాటు. మునిగిపోతున్నట్టు కేకలు పెట్టి, పరుగెత్తుకొచ్చినవాళ్లను చూసి పడీపడీ నవ్వేవాడు. ఆ రోజు అతను పిలిస్తే మామయ్య ముక్కలు తిప్పుతూ "వస్తున్నా" అన్నాడు. అన్నానికి పిలిస్తే టీవీ ముందు నుంచి లేవకుండా అంటామే, ఆ వస్తున్నా. కాలు కదపని వస్తున్నా. రెండోసారి పిలిచాడు. "వస్తున్నానురా బాబూ," అన్నాడు. మూడోసారి పిలుపు రాలేదు. ముక్కలు చక్కగా కాలాయి. ఒకటి తీసి రుచి కూడా చూశాడు. ఉప్పు సరిపోయింది. అప్పుడు తల తిప్పాడు.

ఆ ముక్క రుచి ఇరవై రెండేళ్లుగా ఆయన నాలుక మీదే ఉంది. అబద్ధం ఎంత పెంచినా దాని కింద అదే రుచి.

"ఏమండీ," భార్య గొంతు తగ్గించి అడిగింది. "మిమ్మల్ని బావా అని ఎవరు పిలుస్తున్నారు?"

కూతురు కత్తి కింద పెట్టింది. అల్లుడి మొహంలో నవ్వు లేదు. అంటే... అందరికీ వినబడింది.

"బావా..."

ఈసారి ఇంకా దగ్గరగా.

మామయ్య చేతిలోంచి పట్టుకారు జారిపోయింది. కూతురు తనకేసే చూస్తోంది. ఈ కథ వింటూ పెరిగిన పిల్ల. మా నాన్నంత ధైర్యవంతుడు లేడని బళ్లో వ్యాసం రాసిన పిల్ల. ఆ చూపు ముందు నోరు విప్పడం కంటే ఆ నీళ్లలోకి నడిచిపోవడమే సుఖమనిపించింది. అయినా విప్పాడు.

"నేను దూకలేదు," అన్నాడు. "పిలిస్తే... వెళ్లలేదు. వాడు ఆటాడుతున్నాడనుకున్నాను. తర్వాత ఒడ్డున కూర్చుని దోసిలితో నీళ్లు తీసి తల మీద పోసుకున్నాను. మీరంతా వచ్చేసరికి..."

జారిన పట్టుకారు తీసి పక్కన పెట్టాడు.

భార్య చేతిలోని పళ్లాన్ని ఇంకా తుడుస్తూనే ఉంది.

"తెలుసు," అంది. "తల తడిసింది. చొక్కా పొడిగా ఉంది. ఆ చొక్కా ఉతికింది నేనే కదా."

"మరి... ఇన్నేళ్లూ ఒక్క మాట అడగలేదే?"

"మీరే చెప్తారని చూశాను. ప్రతి ఏడూ చూశాను. ప్రతి ఏడూ మీరు ఇంకో రెండు మునకలు కలిపారు."

నిప్పుల్లో మూతి పెట్టి ముప్పై ఏళ్లు బతికిన మనిషి, ఆ మాటకి తల ఎత్తలేకపోయాడు. అల్లుడు బూట్లకేసి చూసుకుంటున్నాడు. కూతురు ఆయన మీంచి చూపు తీసేసి నీళ్లకేసి తిరిగింది.

అప్పుడు నీళ్లలోంచి మళ్లీ వినబడింది. కోపం లేదు ఆ గొంతులో. అలిసిపోయి ఉంది... ఎంతోకాలం ఎదురుచూసి విసిగిన మనిషిలా.

"వద్దులే బావా. నేనే వస్తున్నా."

నల్లరాయి దగ్గర నీళ్లు కదిలాయి. చప్పుడు లేదు. ఒడ్డున ఎండలో తెల్లగా ఎండిన గులకరాళ్లు... ఒక్కొక్కటే తడుస్తున్నాయి. ఒకటి. ఒక అడుగు ఇవతల ఇంకొకటి. నింపాదిగా. పొయ్యికేసి.

ఎవరు ముందు పరుగెత్తారో వాళ్లలో వాళ్లకే ఈ రోజుకీ తేలలేదు. పొయ్యి, దుప్పటి, ముక్కలు ఎక్కడివక్కడే. అల్లుడు కారు నడిపాడు. పక్క సీట్లో మామయ్య. వెనక తల్లీ కూతురూ చెరో తలుపుకీ అతుక్కుని కూర్చున్నారు. ఎందుకలా కూర్చున్నారో అడిగితే ఇద్దరూ చెప్పలేరు. వెనక్కి తిరిగి భార్య మొహం చూసే ముఖం మామయ్యకు లేదు. చూసి ఉంటే ఏం కనబడేదో నేను చెప్పను.

సరస్సు పార్కు గేటు దగ్గర, మెడలో ఈల వేసుకున్న కాపలా ముసలాయన అడ్డుకర్ర పైకెత్తాడు. కారు మెల్లగా దాటుతుంటే వెనక కిటికీ దగ్గరికి వంగాడు.

"అమ్మా, మీ ఇద్దరి మధ్యా కూర్చున్నాయనకి ఒక తువ్వాలు ఇవ్వండమ్మా. పాపం, ఒణికిపోతున్నాడు."

నా మాట నమ్మకపోతే పోనీండి. ఆ గేటు దగ్గరే ఇప్పటికీ ఉన్నాడాయన. కళ్లు ఇంకా బాగానే కనిపిస్తాయి. వెళ్లి అడగండి. ఈల తాత అంటే ఎవరైనా చూపిస్తారు.