ముప్పై ఒకటో సంచిక చివరి పేజీ

“ఇది నకిలీ అండీ,” అన్నాను, పుస్తకం కౌంటర్ మీద పెడుతూ.

నిచ్చెన ఎక్కి పై అర సర్దుతున్న అమ్మాయి కిందికి చూసింది. ముందు నన్ను చూసింది, తర్వాత పుస్తకాన్ని, మళ్లీ నన్ను. రెండోసారి చూసిన చూపులో మర్యాద కొంచెం తగ్గింది.

“నిన్న కళ్లకద్దుకుని మరీ తీసుకెళ్లారు. తెల్లారేసరికి నకిలీ అయిపోయిందా?”

“ఇందులో చివరి పేజీ వేరే ఉంది.”

అది ‘ఉక్కు తూనీగ’ ముప్పై ఒకటో సంచిక. పగలు గడియారాలు బాగుచేసుకుంటూ, ఎవరికైనా ఆపద వస్తే వీపుకి ఉక్కు రెక్కలు తగిలించుకుని ఎగిరిపోయే హీరో కథ. చిన్నప్పుడు నాకు వాడంటే ప్రాణం. తువ్వాలు వీపుకి కట్టుకుని పిట్టగోడ మీంచి దూకి, మోకాలికి కుట్లు వేయించుకున్న చరిత్ర నాది. మొత్తం ముప్పై ఆరు సంచికలు వచ్చాయి. నా దగ్గర ముప్పై అయిదు ఉన్నాయి. ఈ ఒక్కదాని కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఈ పాత పుస్తకాల షాపులో పట్టుకున్నాను.

ఆమె నిచ్చెన దిగి, చివరి పేజీ తీసింది. “బాగానే ఉందిగా. దొంగ నవ్వుకుంటూ తప్పించుకుపోతాడు. అందరూ చదివింది ఇదే.”

“కాదండీ. తూనీగ ఇంటికి వెళ్తాడు. వానలో తడిసిన రెక్కల్ని వాళ్లమ్మ విప్పి దండెం మీద ఆరేస్తుంది. తర్వాత వాడి తల తుడుస్తుంది. వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతాడు.”

“ఉక్కు రెక్కల్ని దండెం మీద ఆరేసిందా?”

“మరి తుప్పు పట్టదూ?”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. దొంగ దొరికిపోయిందనుకుని నేను గొంతు పెంచాను.

“మా పాత ఊళ్లో, అద్దె పుస్తకాల కొట్లో నా కళ్లతో నేను చదివాను. ఆ కొట్టాయన్ని మేం మీసాల మామయ్య అనేవాళ్లం. పేజీ మడిచామంటే చెవి మెలిపెట్టేవాడు. నాకు పదేళ్లప్పుడు ఆ ఊరు వదిలేశాం గానీ, ఆ పేజీ మాత్రం మర్చిపోలేదు.”

ఆమె ఒకసారి వెనక గది వైపు చూసింది. గొంతు మారిపోయింది.

“అది వేరే ముద్రణ అయ్యుంటుంది. లోపల విప్పని కట్టలు చాలా ఉన్నాయి. శనివారం రండి, వెతుకుదాం.”

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్ల చేత గోడ మీది అక్షరాలు చదివించి, ఏ అద్దం సరిపోతుందో చెప్పడం నా పని. శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు. ఆ శనివారం వెళ్లాను. ఆ పై శనివారమూ వెళ్లాను.

పని నేర్చుకున్నాను కూడా. కట్ట విప్పాలి, దుమ్ము దులపాలి, పిన్నులు తుప్పు పట్టాయేమో చూడాలి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. నేను ఒక పుస్తకాన్ని వెన్ను పట్టుకుని ఎత్తితే ఆమె నా వేళ్ల మీద స్కేలుతో తట్టింది.

“పిల్లిపిల్లనా, మెడ పట్టుకుని ఎత్తడానికి? అరచేతి మీద పడుకోబెట్టండి తూనీగ గారూ.”

ఆ రోజు నుంచి నా పేరు అదే అయింది. నాకూ బాగానే ఉంది.

మా మాటలన్నీ పాత కామిక్స్ గురించే. లెక్కల పుస్తకంలో దాచుకుని చదివి దొరికిపోయినవాళ్లం ఇద్దరమూ. మూడు చిరిగినవి ఇచ్చి ఒక కొత్తది మార్చుకునేవాణ్నని నేను చెబితే, తనైతే అయిదు తీసుకుంటే గానీ ఇచ్చేదాన్ని కాదని ఆమె అంది. ఆ పుస్తకం దొరక్కపోయినా నాకు దిగుల్లేదు. నిజం చెప్పాలంటే, ప్రతి కట్టా విప్పేటప్పుడు ఇందులో ఉండకూడదు దేవుడా అనుకునేవాణ్ని.

ఒక శనివారం పెద్ద వాన. షాపులోకి మనిషి రాలేదు. వాళ్ల నాన్నగారు, నున్నటి ముఖం, మెత్తటి మాట, వెనక గదిలోంచి రెండు టీలు పంపించారు. ఆమె గ్లాసు చేతుల మధ్య పట్టుకుని అడిగింది.

“ఆ పేజీ అంటే ఎందుకంత పట్టుదల?”

“ఊరు మారాక కొత్త బళ్లో నాకెవరూ తెలీదు. రోజూ ఎవడో ఒకడు ఏడిపించేవాడు. ఇంట్లో చెప్పుకోవడానికి నామోషీ. అంతటి హీరోనే అమ్మ చేత తల తుడిపించుకోగా లేనిది, నాకేంటి సిగ్గు అనిపించింది. వెళ్లి మా అమ్మకి అంతా చెప్పేశాను. ఆ బొమ్మ వేసినాయన ఎదురైతే కాళ్లకి దండం పెడతాను.”

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టేసింది. తర్వాత విసుగ్గా, “దండాలు తర్వాత పెడుదురు గానీ, ఆ కట్ట ఇటివ్వండి,” అంది.

అప్పటి నుంచి నేను ఆ బొమ్మ ఊసెత్తితే చాలు, మొహం ముడుచుకునేది. నా రాకతో విసుగు పుట్టిందేమోనని బెంగ పట్టుకుంది. ఊళ్లోవాళ్ల చూపు సరిచేసే నాకు ఎదురుగా ఉన్న మనిషి మనసు కనిపించలేదు.

పన్నెండో శనివారం, ఏమైతే అదైంది, ఈ రోజు చెప్పేద్దామని వెళ్లాను. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, మళ్లీ ఆ పేజీ దగ్గరే మొదలుపెట్టాను.

“ఎంత గొప్ప చెయ్యి అండీ ఆయనది, ఆ తల్లి బొమ్మ చూస్తే...”

“ఏం గొప్ప చెయ్యి లెండి,” అంది ఆమె, తల ఎత్తకుండా. “ఎడం చేతికి ఆరు వేళ్లు వేసిన మనిషి.”

నా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. ఆరు వేళ్ల సంగతి నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

“మీకెలా తెలుసు?”

ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుంది. దాచి లాభం లేదని తెలిసిపోయింది కాబోలు, ఒక్కొక్కటే చెప్పింది.

“మీ మీసాల మామయ్య మా నాన్నే. మీసాలు తీసేశారు. అద్దెకి తిరిగే పుస్తకానికి ముందు ఊడేది చివరి పేజీ. ముగింపు లేకపోతే పిల్లలు గొడవ చేసేవాళ్లు. నాన్న గుర్తుచేసుకుని చెబితే, నేను కౌంటర్ కింద కూర్చుని బొమ్మ వేసి అంటించేదాన్ని. ఆ సంచిక ముగింపు ఆయనకి గుర్తు రాలేదు. నాకు తోచింది వేసేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.”

నాకు ఒళ్లు మండింది. “అంటే అది అచ్చే కాలేదా? పన్నెండు వారాల నుంచి దుమ్ము తింటున్నాను. మొదటిరోజే చెప్పొచ్చు కదా.”

“చెబితే రెండోరోజు వచ్చేవారా?”

 నా కోపం చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది.

“తర్వాత చెబుదామనుకున్నాను,” అంది ఆమె మెల్లగా. “మీరు ఆయన, ఈయన, దండం అంటుంటే భయమేసింది. అది క్రేయాన్లతో వేసిన పిచ్చి బొమ్మ. చూశాక ఇంతేనా అంటారు. దాంతో పాటు నేను కూడా ఇంతేనా అనిపిస్తాను.”

“అది ఇప్పుడు ఉందా?”

“లేదు,” అంది ఆమె.

“ఉంది,” అన్నారు వాళ్ల నాన్నగారు, వెనక గది గుమ్మంలోంచి. “ఆ అద్దె కొట్టు మూసేసినప్పుడు అన్నీ అమ్మేశాను బాబూ. అమ్మాయి చెయ్యి పడినవి మాత్రం అమ్మబుద్ధి కాలేదు.”

ఆయన పుస్తకాన్ని అరచేతి మీద పడుకోబెట్టి తెచ్చి నా ముందుంచారు. ఆమె తల పక్కకి తిప్పేసుకుంది.

చివరి పేజీ తీశాను. తల్లి గుమ్మం కంటే ఎత్తుంది. తూనీగకి మెడ లేదు. రెక్కలు రెండు విసనకర్రల్లా దండేనికి వేలాడుతున్నాయి. ఎడం చెయ్యి చూడగానే నాకు నవ్వు ఆగలేదు, గట్టిగా నవ్వేశాను.

ఆమె మొహం వాడిపోయింది. పుస్తకం లాక్కోబోయింది.

“ఆగండి,” అన్నాను. “కొత్త బళ్లో ఒకసారి మా అమ్మ బొమ్మ వెయ్యమన్నారు. నేను ఆరు వేళ్లు వేశాను. డ్రాయింగ్ మాస్టారు ఒక వేలు కొట్టేశారు. పెద్ద చిత్రకారులు అలాగే వేస్తారని వాదించాను. గంటసేపు బెంచీ ఎక్కించారు. అయినా అయిదు వెయ్యలేదు. మొహం చూడకముందే మీ తరఫున బెంచీ ఎక్కినవాణ్నండీ. ఇప్పుడు ఇంతేనా అని ఎలా అంటాను?”

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. నవ్వి మళ్లీ తుడుచుకుంది.

“మీరంటే నాకు చాలా ఇష్టం,” అన్నాను. ఇంకా బాగా చెబుదామని ఇంటి దగ్గర ఏవేవో అనుకున్నాను గానీ, ఒక్కటీ గుర్తు రాలేదు.

“తెలుసు,” అంది. “నాకూ.”

వాళ్ల నాన్నగారు అక్కడే ఉన్నారని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆయన గొంతు సవరించుకుని నన్ను ఎగాదిగా చూశారు. నాకు తెలియకుండానే చెవి మీద చెయ్యి వేసుకున్నాను.

“ఇంతకీ బాబూ, మీ అమ్మగారికి చేతికి ఎన్ని వేళ్లు?”

“అయిదేనండీ.”

“ఒకసారి తీసుకురా. మేం కూడా చూసుకుని నిశ్చయం చేసుకోవాలి కదా.”

“నాన్నా,” అని ఆమె కసిరింది. కసిరింది గానీ, నేను మా అమ్మకి ఫోన్ కలుపుతుంటే మాత్రం వద్దనలేదు.