గుమ్మం మీద నూనె మరక

"ఫారంలో తోడుండే మనిషి గడి ఖాళీగా వదిలేస్తే ఎలాగమ్మా? ఇంట్లో మనిషి లేకపోతే ఆపరేషన్ లేదు!"

నర్సమ్మ ఆ మాట అనేసరికి మన కోడలు ఆ ఫారం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండు నెలలు ఎదురుచూస్తే దొరికిన తారీఖు, ఎల్లుండే! పిత్తాశయంలో రాళ్ళు ఇప్పటికి మూడుసార్లు ఆమెను నేల మీద దొర్లించాయి. మొగుడేమో లారీ ఎక్కి వెళ్ళాడు, ఇంకో వారానికిగానీ రాడు.

"పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్ళిపోయేదే కదండీ... ఏదో ఒక బండెక్కి నేనే పోతాను..."

"మత్తిచ్చాక ఒక పగలూ ఒక రాత్రీ పక్కన మనిషి ఉండి తీరాలి. ముందు కూర్చుని చెప్పేది వినండి. ఆ గడి తర్వాత నింపుదురుగాని."

ఆ గదిలో ఆరు కుర్చీలు, ఆరుగురు రోగులు. నర్సమ్మ జేబులోంచి ఎర్ర బుడగ తీసి బుగ్గలు పొంగించి ఊదింది. "మీ పొట్టని ఇలా గ్యాస్‌తో ఉబ్బిస్తారు. లోపల చోటు కావాలిగా! నాలుగు చిన్న గాట్లు పెట్టి, రాళ్ళతో సహా ఆ సంచి తీసేస్తారు."

ముందు కుర్చీలోని టైలర్ తన బొజ్జ తట్టుకున్నాడు. "నన్ను దేవుడే ఊదేసి పంపాడమ్మా. మీకా శ్రమ లేదు!"

గదంతా గొల్లుమంది. అంత దిగుల్లోనూ కోడలికి నవ్వాగలేదు.

"నవ్వండి, నవ్వండి! ఆ గ్యాస్ కొంచెం లోపలే మిగులుతుంది. పైకి చేరి, పొట్టకీ ఛాతీకీ మధ్యనున్న పొరని నొక్కుతుంది. అప్పుడు భుజం పోటు పెడుతుంది. కోసింది పొట్ట కదా, భుజమేంటని బెదిరిపోకండి. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. మెల్లగా నడవండి, వేడిగుడ్డ పెట్టుకోండి. జ్వరమొచ్చినా, కళ్ళు పచ్చబడినా, ఊపిరాడకపోయినా, కడుపునొప్పి పెరిగినా మాత్రం వెంటనే ఫోన్ చేయండి."

కోడలి నవ్వు పెదవుల మీదే చచ్చిపోయింది. భుజమా...!

నాలుగేళ్ళ కిందట అత్తగారికి ఇదే ఆపరేషన్! అప్పుడు ఈ బుడగలూ లేవు, ఈ పాఠాలూ లేవు. మర్నాడు పొద్దున ఆ మనిషి భుజానికి నూనె రాసుకుని, వంటగది గుమ్మానికి ఆనుకుని రుద్దుకుంటూ, "భుజం పీకేస్తోందే తల్లీ... ప్రాణం పోయేలా ఉందే..." అని ఏడిస్తే తనేమంది? "కోసింది కడుపైతే నొప్పి భుజానికా? నటించేటప్పుడు నొప్పి ఎక్కడో అదైనా సరిగ్గా చూసుకోండి అత్తయ్యా!" అంది. వచ్చిన చుట్టాల ముందు అంది! అందరూ పకపకా నవ్వారు... అత్తగారు కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది. పది రోజులకి సంచీ సర్దుకుని చిన్నకొడుకు ఇంటికి చేరింది. అప్పట్నుంచీ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "బాగానే ఉన్నానమ్మా." గుమ్మం మీద నూనె మరక మాత్రం మిగిలింది. రెండుసార్లు రంగు వేయించినా మళ్ళీ పైకి తేలింది!

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, అత్తగారికి ఫోన్ చేసింది.

"బాగానే ఉన్నానమ్మా. నువ్వెలా ఉన్నావు?"

"అత్తయ్యా... ఎల్లుండి నాకూ అదే ఆపరేషన్. తోడు ఎవరూ..."

"ఎన్నింటికి రావాలి?" అంది అత్తగారు. అంతే!

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రానికి ఇంట్లో మంచం మీద ఉంది కోడలు. దీపాలు పెట్టే వేళకి వచ్చింది ఆ పోటు! కుడి భుజంలో మేకు దిగినట్టు... పళ్ళు బిగించుకుంది. ఏ మొహంతో చెబుతుంది? ఎవరితో చెబుతుంది?

వేడిగుడ్డ వచ్చి సరిగ్గా ఆ చోటే వాలింది.

"ఇక్కడేనా?"

కోడలు భోరుమంది. "మీరు నిజమే చెప్పారు అత్తయ్యా! నేనే... అందరి ముందూ నటన అన్నాను..."

"ఊరుకోవే, కుట్లు లాగుతాయి! నా నటన చూసి నేర్చుకున్నావేమో అనుకున్నా!" అని నవ్వబోయింది అత్తగారు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "నొప్పి మూడు రోజులకే పోయింది తల్లీ... ఆ మాటే..."

పోయిన నాలుగేళ్ళని ఏ క్షమాపణ వెనక్కి తెస్తుంది?

"లే, నాలుగడుగులు వేద్దాం. మీ నర్సమ్మ నడవమందన్నావుగా!"

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చారు. అత్తగారు అక్కడ ఆగి, ఆ మరకని వేలితో తడిమింది. కోడలు ఆమె మొహంలోకి చూసింది. నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అప్పుడు అడిగింది.

"మీకెక్కడైనా నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"బాగానే ఉన్నా..." అలవాటుగా వచ్చిన మాట మధ్యలో ఆగిపోయింది.

"ఎడమ మోకాలమ్మా..." అంది మెల్లగా. "ఏడాదిగా పీకుతోంది..."