మూడో అంతస్తులో ప్రశ్నలడిగే నర్సు

ఇర్బిద్ పట్నంలో మా ఆస్పత్రి పాత భవనం ఉంది కదా... దాని మూడో అంతస్తు మంచిది కాదు.

ఒకప్పుడు అది కాన్పుల వార్డు. కొత్త భవనం కట్టాక మూసేశారు. మంచాలు తీసేశారు గానీ, తెరలు అలాగే వేలాడుతున్నాయి. అక్కడ ఓ నర్సు మందు మోతాదు తప్పి ఒక బాలింతను పోగొట్టుకుందట. ఆ దిగులుతో తనూ పోయిందట. అప్పట్నుంచీ రాత్రి రెండు దాటాక తెల్లకోటు వేసుకుని తిరుగుతుందని చెప్పుకుంటారు. ఎవరైనా ఎదురుపడితే ఒక్కటే అడుగుతుంది — "మోతాదు ఎంత?"

తప్పు చెప్పావో... అంతే.

నేను కింద రక్తపరీక్షల గదిలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ కిటికీలో వెలుగు నేనూ చూశాను. చూసి, తల దించుకుని పోయాను. నిబాల్ పోలేదు. ఆ పిల్ల నాతో చెప్పిందే మీకు చెప్తున్నాను.

నిబాల్ ఆపరేషన్ల వార్డులో నర్సు. ఇరవై ఆరేళ్లు, మొండి. గల్ఫ్‌లో ఉద్యోగానికి లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. ఇంకొక్క అవకాశమే ఉంది. హెడ్ నర్సు అందరి ముందూ అనేసింది — "నీకెందుకమ్మా ఆ పరీక్షలు? బెడ్‌పాన్లు మోయడానికి గల్ఫ్ దాకా పోవాలా?"

నిబాల్ పళ్లు బిగబట్టింది. మూడు నెలల గడువుతో ప్రాక్టీసు ప్రశ్నల సాఫ్ట్‌వేర్ కొనుక్కుంది. రెండు వేల పైచిలుకు ప్రశ్నలు. జవాబు నొక్కగానే తప్పో ఒప్పో చెబుతుంది, ఎందుకో చెబుతుంది, పాసయ్యే అవకాశం నూటికి ఎంతో ఓ మూల చూపిస్తుంది. ప్రతి ప్రశ్న కిందా మనం ఏదైనా రాసుకోవడానికి చిన్న గడి కూడా ఉంటుంది.

ఇంట్లో చదువుదామంటే రెండు గదుల్లో ఏడుగురు. షిఫ్టు రాత్రి పదకొండుకి అయిపోతే వాళ్ల ఊరి వ్యాను తెల్లారి ఆరింటికి. ఈలోపు కూర్చోడానికి చోటు, ఖాళీగా ఒక కంప్యూటరు — రెండూ ఉన్నది ఒక్కచోటే. మూడో అంతస్తులో, పాత నర్సుల బల్ల దగ్గర.

"వద్దు బిడ్డా," అన్నాడు కాపలా అబూ గాలెబ్, తాళంచెవి వెనక దాచుకుంటూ. "అది ప్రశ్నలు అడుగుతుంది."

"అడగనీ. నేను డబ్బు పోసి అడిగించుకుంటున్నాను. అది ఊరికే అడుగుతానంటే కాదంటానా?"

తాళంచెవి లాక్కుని ఎక్కింది. తలుపు తోసింది... లోపల చీకటి. తెరలు కొద్దిగా ఊగుతున్నాయి. కిటికీలు మాత్రం మూసే ఉన్నాయి.

ఆ చీకట్లోకే చెప్పింది — "చూడు, నాకు పరీక్ష ఉంది. నా జోలికి రాకు, నీ జోలికి రాను."

కూర్చుని యాభై ప్రశ్నలు చేసింది. ఇరవై ఆరు ఒప్పు. రెండింటికి కళ్లు మూతలు పడుతుంటే, కంప్యూటరు అలాగే వదిలేసి కింద విశ్రాంతి గదిలో పడుకుంది.

మర్నాడు రాత్రి వచ్చి చూస్తే — డెబ్భై అయిదు ప్రశ్నలు చేసినట్టుంది.

తను చేసినవి యాభై. మిగతా పాతికా తెల్లవారుజామున మూడు తర్వాత చేసినవి. పాతికకు పాతికా... ఒప్పు.

నిబాల్ కుర్చీ ముందుకు లాక్కుంది. నిన్న తను తప్పిన పొటాషియం ప్రశ్న తెరిచింది. కింద గడిలో ఎవరో రాశారు —

'పొటాషియం ఎక్కించే ముందు మూత్రం వస్తోందో లేదో చూడు. చూడకుండా ఎక్కిస్తే ఏమవుతుందో... నేను చూశాను.'

మోతాదు తప్పిన నర్సు. పోయిన బాలింత. నిబాల్ మెట్లన్నీ ఎలా దిగిందో తనకే తెలీదు.

"చెప్పానా?" అన్నాడు అబూ గాలెబ్. "ఇక ఎక్కకు."

ఆ మాటతో పిల్లకి భయం పోయి ఒళ్లు మండింది. నా ప్రశ్నలు, నా పరీక్ష... ఎక్కకపోవడమేంటి? తిరిగి ఎక్కింది. అదే గడిలో టకటకా కొట్టింది — 'నువ్వెవరివైనా సరే, నా మార్కులు పాడు చెయ్యకు.'

తర్వాతి రాత్రికి జవాబు వచ్చింది.

'నీ మార్కులు ఎలాగూ బాగాలేవు.'

నిబాల్‌కి నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది... చచ్చినవాళ్లు కూడా వెక్కిరిస్తారా?

పది రాత్రులు అలాగే గడిచాయి. మూలనున్న అంకె యాభై ఒకటి నుంచి డెబ్భై ఎనిమిదికి ఎక్కింది. పరీక్ష తేదీ తీసుకునే రోజు దగ్గరపడింది. కానీ ఆ డెబ్భై ఎనిమిదిలో తన వాటా ఎంత? అది తెలియకుండా ఆఖరి అవకాశం ఎలా వాడుకుంటుంది?

ఆ రాత్రి పడుకోడానికి వెళ్లినట్టు వెళ్లి, చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది. వేలాడే తెర వెనక నక్కింది.

రెండున్నర... మూడు...

కీచుమని చక్రాల చప్పుడు. ఆగింది. మళ్లీ కీచుమంది — దగ్గరగా.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు. నెమ్మదిగా వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. నీలం వెలుగులో రెండు చేతులు... ముడతలు పడ్డ చేతులు.

నిబాల్ తెర లాగి ఒక్కసారిగా బయటికి దూకింది.

"అడుగు! ఏం అడుగుతావో నన్ను అడుగు!"

తెల్లకోటు నిబాల్ కంటే గట్టిగా కేక వేసింది.

తలుపు దగ్గర ఉన్నది నేల తుడిచే బండి. కుర్చీలో ఉన్నది వజీహా. రోజూ మా గదులు తుడిచే ముసలామె. అయిదేళ్లుగా "ఖాలా, ఇక్కడ నీళ్లు పడ్డాయి, తుడువు" అని పిన్నిని పిలిచినట్టు పిలవడమే గానీ, మాలో ఒక్కరమూ ఆమె మొహం సరిగ్గా చూసి ఎరగం.

"అరవకు తల్లీ," అంది గుండె పట్టుకుని. "నా పని పోతుంది."

"నువ్వా... ఖాలా? ఆ జవాబులన్నీ నువ్వేనా?"

"దరాలో పంతొమ్మిదేళ్లు ఐసీయూ నర్సుని. సరిహద్దు అవతల. యుద్ధంలో ఆస్పత్రి కాలిపోయింది, అందులో నా చదువు కాగితాలూ కాలిపోయాయి. కాగితం లేదంటే ఇక్కడ చీపురు ఇచ్చారు." కంప్యూటరు వైపు చూసింది. "వాటి నకలు కోసం నాలుగుసార్లు రాశాను. అయిదోసారీ రాస్తాను. అది వచ్చేసరికి నా బుర్ర తుప్పు పట్టకూడదు కదా? ఈ యంత్రం ఒక్కటే నన్ను కాగితం అడగలేదు."

"మరి... ఆ నర్సు దెయ్యం?"

"ఆ కథ నేను రాకముందే ఉంది. ఈ కోటు మాత్రం నాదే, అక్కడి నుంచి వేసుకొచ్చినది. దెయ్యం అనుకున్నారు. నేను కాదనలేదు. దెయ్యాన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు."

నిబాల్ అంకె వంక చూసింది. "ఆ డెబ్భై ఎనిమిదిలో... నాదెంత?"

"సగానికి కొంచెం పైన. అబద్ధం చెప్పను."

నిబాల్ అంతా చెరిపేసింది — పది రాత్రుల కష్టం సున్నా అయింది. పక్కకి ఇంకో కుర్చీ లాగింది.

"కూర్చోండి ఖాలా. నేను నొక్కుతాను. మీరు తిట్టండి."

వజీహా తిట్టింది. ఒక్క జవాబూ చెప్పేది కాదు, "ఎందుకు?" అనేది. "నీ ఎదురుగా మంచం మీద మనిషి ఉన్నాడు, చూడు. ఎందుకు?" ముప్పై రాత్రులు తిట్టింది. ఆఖర్న అంకె డెబ్భై ఒకటి దగ్గర ఆగింది. ఆ డెబ్భై ఒకటీ నిబాల్‌దే.

పాసైంది. ఫలితం కాగితం హెడ్ నర్సు బల్ల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా బయటికొచ్చింది. కువైట్ వెళ్లే ముందు వజీహాకి సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డు రాసిచ్చింది. ఇంకా అయిదు వారాల గడువుంది.

మొన్నీ మధ్య అబూ గాలెబ్ నా గదికొచ్చి గుసగుసగా చెప్పాడు. "ఇప్పుడు ఒకటి కాదు సిస్టర్... చాలా గొంతులు. పోట్లాడుకుంటున్నాయి."

ఒక్క వజీహా అయితే నాకు తెలుసు. చాలా గొంతులేమిటి?

ఎక్కాను. పదహారేళ్లలో మొదటిసారి. తలుపు కొద్దిగా తోశాను. నీలం వెలుగు చుట్టూ అయిదుగురు. ముగ్గురు మా నేల తుడిచేవాళ్లే. ఒకామె వంటగది మనిషి, చేతుల్లో ఉల్లిపాయల వాసన ఇంకా పోలేదు. సూడాన్ నుంచి వచ్చిన ఒకామె తెర మీద వేలు పెట్టి, "కాదు, ముందు ఆక్సిజన్!" అని వాదిస్తోంది.

"ఎవరు... మీరంతా?"

వజీహా తల కూడా తిప్పలేదు.

"దెయ్యాలం, సిస్టర్. ముప్పై ఎనిమిదో ప్రశ్నలో ఉన్నాం. తలుపు దగ్గరికి వేసి వెళ్లండి."