సున్నం పట్టని మొహం

రాజమండ్రిలో గోదావరి గట్టు దిగి ఊళ్ళోకి వచ్చే రోడ్డు పక్కన పాత కలప డిపో ఒకటి ఉండేది. అది మూతపడి చాలా కాలమైంది. లోపల పిచ్చిమొక్కలు, నిలవ నీళ్ళు తప్ప ఏమీ లేవు. గోడ మాత్రం గట్టిది, పొడుగాటిది. ఖాళీగా ఉన్న ప్రతి గోడకీ పట్టే గతే దానికీ పట్టింది. ఎన్నికల గుర్తులు, మొలల వైద్యుల ప్రకటనలు, ఇచ్చట మూత్రము పోయరాదు అన్న హెచ్చరిక, దాని కిందే ఆ హెచ్చరికకి ఊరు ఇచ్చిన జవాబు. ఏళ్ళ తరబడి ఇవేవీ ఎవరి కంటికీ అసహ్యంగా కనపడలేదు.

అసహ్యం పుట్టింది చిట్టియ్య మొహాలు గీయడం మొదలుపెట్టాకే.

చిట్టియ్య ఒకప్పుడు సినిమా హాళ్ళకి బ్యానర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. ఊరికే కూర్చోలేక, గోదావరిలో పడి శవం కూడా దొరకని వాళ్ళ మొహాలు ఆ గోడ మీద బొగ్గుతో గీయసాగాడు. ఇంటివాళ్ళు ఫొటో తెస్తే చూసి గీసేవాడు, లేకపోతే వాళ్ళు చెప్పింది విని గీసేవాడు. బొగ్గుపొడిలో వడ్రంగులు వాడే వజ్రం జిగురు కలిపి రుద్దేవాడు కాబట్టి వానలకి కూడా చెరిగేవి కావు. చచ్చినవాళ్ళ చుట్టాలు వచ్చి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేవారు.

రెండువేల మూడు పుష్కరాలు దగ్గరపడగానే పెద్దమనుషులకి ఉన్నట్టుండి శుభ్రత గుర్తొచ్చింది. గోడలన్నిటికీ తెల్లసున్నం కొట్టాలి, పెద్ద గోడల మీద అందమైన బొమ్మలు వేయించాలి అన్నారు. అందమైనవి ఏవో కూడా వాళ్ళే తేల్చారు. కలశం పట్టుకున్న గోదావరి తల్లి, గడ్డాల మునులు, దూడకి పాలిస్తున్న ఆవు. ఆ కాంట్రాక్టు గణేష్‌బాబుకి వచ్చింది.

గణేష్‌బాబు ఇస్త్రీ నలగని చొక్కా మనిషి. పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ తల మీదుగా ఎటో చూస్తూ మాట్లాడేవాడు. ఇంట్లో హాలు గోడకి జలపాతం పోస్టరు అంటించుకున్నాడు, అందుకని తనకి కళ తెలుసని అతని నమ్మకం. సున్నం మేస్త్రీ అబ్బుల్ని వెంటేసుకుని డిపో దగ్గర స్కూటరు దిగాడు. మొహాలన్నీ ఒకసారి చూసి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"చదువురాని వెధవలు పాయిఖానా గోడల మీద గీస్తారు చూడు, అదీ ఇదీ ఒకటే," అన్నాడు.

గోడ దగ్గరే కూర్చుని బొగ్గు నూరుకుంటున్న చిట్టియ్య లేచి నిలబడ్డాడు. అతని పక్కన ఒక ఆడమనిషి కూడా ఉంది. సూరమ్మ. ఆవిడ కూతురు సారిక కాలేజీలో చదువుకుంటూ, కిందటేడు కొవ్వూరు నుంచి వస్తూ పడవ మీంచి జారి నదిలో పడిపోయింది. మళ్ళీ కనపడలేదు.

"బాబుగారూ, మిగతా గోడంతా తెల్లగా కొట్టేసుకోండి. మా పిల్ల ఒక్కదాన్నీ ఉంచండి," అంది సూరమ్మ. "దానికి సమాధి లేదండి. సమాధుల పండక్కి అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకెళ్తారు. నేను ఇక్కడికే వస్తానండి."

"సమాధి కావాలంటే స్థలం కొనుక్కో. ఊరి గోడలు శ్మశానం కాదు," అన్నాడు గణేష్‌బాబు. తర్వాత చిట్టియ్య వైపు తిరిగాడు. "నీ చేతిలో పనితనం అంటూ ఏమన్నా ఉంటే ఇక్కడ గోదావరి తల్లి బొమ్మ వెయ్యి. కూలి ఇప్పిస్తాను."

చిట్టియ్య చేతులు తుడుచుకున్నాడు. "ఇదంతా ఆవిడ బొమ్మేనండి," అన్నాడు. "ఆవిడ పట్టుకెళ్ళినోళ్ళు వీళ్ళు. వీళ్ళని తుడిచేసి ఆవిణ్ణి వెయ్యడం నా వల్ల కాదండి."

గణేష్‌బాబు నవ్వాడు. బొగ్గు డబ్బాని బూటు కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి మురిక్కాలవలో పడింది.

ఆ పూటే సున్నం మొదలైంది. ఒక పూత ఆరేసరికి మొహాలు మళ్ళీ బూడిదరంగులో పైకి తేలాయి. జిగురు తెల్లదనాన్ని లాగేస్తోందని అబ్బులు చెప్పాడు. సున్నంలో ఇంకాస్త బంక కలిపి మళ్ళీ కొట్టారు. ఒక్కొక్కరే మాయమయ్యారు. సారిక మాత్రం పోలేదు. ఎన్ని పూతలు వేసినా ఆ చోట గోడ ఆరలేదు. సున్నం కన్నీరులా జారి కిందికి కారేది, లోపలి నుంచి ఆ పిల్ల మొహం నల్లగా, తడిగా బయటికి చూసేది. దగ్గరికి వెళ్తే సున్నం వాసన రాలేదు. వరద నీటి ఒండ్రు వాసన వచ్చింది. పనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఒంట్లో బాగోలేదని మానేశారు. అబ్బులొక్కడే మిగిలాడు.

పెద్దమనుషులు గోడ చూడ్డానికి వచ్చే రోజుకి ముందు సాయంత్రం గణేష్‌బాబు తనే వచ్చాడు. ముసురు పట్టి ఉంది. దీపాల వేళకే కరెంటు పోయింది. గోదావరి ఎర్రగా నిండుగా ఉందేమో, గట్టు అవతల నుంచి ఎవరో పెద్ద చాప ఈడుస్తున్నట్టు చప్పుడు వస్తోంది. అబ్బులు లాంతరు పట్టుకున్నాడు.

"ఒక్క ఆడపిల్ల మొహం చెరపడం చేతకాలేదు నీకు," అంటూ గణేష్‌బాబు ఇనప రేకు చేతిలోకి తీసుకున్నాడు. "లాంతరు పైకెత్తి పట్టుకో."

"పొద్దున్న చూద్దామండి బాబూ," అన్నాడు అబ్బులు మెల్లగా.

"పట్టుకోమన్నానా."

ముందు కళ్ళు గీకాడు. కావాలనే కళ్ళు ఎంచుకున్నాడు. రేకు కింద గోడ గట్టిగా లేదు. నానిన అట్టలాగా మెత్తగా ఉంది. గీకిన చోట నుంచి నీళ్ళు ఊరి అతని మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి దిగాయి. చల్లగా ఉన్నాయి. అతనికి ఒళ్ళు మండింది. ముక్కు గీకాడు. నోరు గీకాడు.

అప్పుడు వినపడింది.

తను గర్రుమని గీకితే, గోడకి అవతల నుంచి కూడా ఎవరో గర్రుమని గీకుతున్నారు. ఇతను ఆపితే... అదీ ఆగుతోంది. మళ్ళీ మొదలుపెడితే అదీ మొదలవుతోంది.

ఉన్నట్టుండి ఆపేశాడు. అవతలి చప్పుడు మాత్రం ఈసారి ఆగలేదు. గర్... గర్... తొందరగా... గోళ్ళతో గీకుతున్నట్టు.

"ఆ చిట్టియ్య గాడే," అన్నాడు గణేష్‌బాబు. గొంతు కాస్త వణికింది. దాంతో తన మీద తనకే కోపం వచ్చింది. "తాగి లోపలికి దూరాడు. నా ముందు వేషాలేస్తాడా. ఇక్కడే ఉండు."

జేబులోంచి టార్చి తీసి, విరిగిన గేటు సందులోంచి డిపోలోకి దూరాడు. మోకాలి లోతు నీళ్ళు. కుళ్ళిన కలప వాసన. గోడ వెంటే చేత్తో తడుముకుంటూ నడిచాడు. తను గీకిన మొహానికి సరిగ్గా అవతలి చోటు చేరాడు. టార్చి వేశాడు.

ఎవరూ లేరు. ఇటుకల మీద పాచి చెక్కు చెదరలేదు. నిలవ నీటిలో అతను రేపిన అలలు తప్ప వేరే కదలికే లేదు.

చప్పుడు మాత్రం వస్తోంది. ఇప్పుడు అతను వచ్చిన వైపు నుంచి. రోడ్డు వైపు నుంచి.

"అబ్బులూ," అన్నాడు.

గర్... గర్... ఆగింది. ఏదో బరువైనది తడి నేల మీద దిగినట్టు మెత్తటి చప్పుడు. తర్వాత గోడ అవతల అబ్బులు గొంతు వినపడింది. అతను గణేష్‌బాబుకి జవాబు చెప్పడం లేదు. ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు, చంటిపిల్లల్ని పలకరించినట్టు.

"ఎవరమ్మా... అలా తడిసిపోయావేంటమ్మా..."

జవాబు వినపడలేదు.

"ఆయ్... అవునమ్మా... ఆయనేనమ్మా..."

మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి చాలాసేపు.

"అలాగా... ఆయ్, చెబుతానమ్మా... ఇలా సూటిగా వెళ్ళి..."

గణేష్‌బాబు నీళ్ళలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. గేటు రేకు చీరుకుని మోచెయ్యి రక్తం కారింది. రోడ్డు మీదికి వచ్చేసరికి అబ్బులు గోడకి ఎదురుగా బురదలో చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళో లాంతరు వెలుగుతూనే ఉంది. ఒళ్ళంతా సున్నం పొడి రాలి ఉంది. గోడ మీద సారిక మొహం లేదు. గీకిన గాట్లు కూడా లేవు. ఆ చోటంతా పొడిగా, తెల్లగా, నున్నగా ఉంది.

"ఎవరితో మాట్లాడావు?"

"ఆ పిల్లేనండి." అబ్బులు గొంతు గుసగుసగా వచ్చింది. "నా చోటు తీసేశారుగా, ఇంక ఎక్కడ ఉండనూ... అని అడిగిందండి."

"నువ్వేం చెప్పావు?"

అబ్బులు తల వంచుకున్నాడు. "అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు బాబూ. మీ ఇల్లు చెప్పానండి."

గణేష్‌బాబు అతని చెంప మీద కొట్టాడు. స్కూటరెక్కి ఇంటికి పోయాడు. దారంతా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పెద్దమనుషులు వచ్చారు. గోడ ఎంత తెల్లగా ఉందో చూసి మెచ్చుకున్నారు. దాని మీద ఎవరో గోదావరి తల్లిని వేశారు. బుగ్గలకి గులాబీ రంగు, చేతిలో కలశం, చూపు ఎవరి మీదా లేదు. జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. పుష్కరాలు అయిపోయిన మర్నాడే ఆ తల్లి కాళ్ళ మీద ఎవరో పళ్ళపొడి ప్రకటన అంటించారు. దాన్ని ఎవరూ పీకలేదు. అబ్బులు తాగి వాగాడని గణేష్‌బాబు అందరికీ చెప్పి నవ్వించాడు. అబ్బులు మళ్ళీ సున్నం బ్రష్షు పట్టుకోలేదు.

గణేష్‌బాబు ఇంట్లో మాత్రం అతని భార్య వెంకటదుర్గ, మేడ మీద తడి బట్టల వాసన వేస్తోందని అనసాగింది. కిటికీలన్నీ తీసి పెట్టినా పోవడం లేదంది. పైకి వెళ్ళడం మానేసింది. సందె వేళకి ముందే లైట్లన్నీ వేసుకుని వంటింట్లో కూర్చునేది. నీకంతా భ్రమ అని గణేష్‌బాబు విసుక్కున్నాడు, కానీ తనూ పైకి వెళ్ళలేదు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గేటు బయట సూరమ్మ నిలబడి ఉంది. ఏడవడం లేదు. మేడ వైపు చూస్తూ, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు తల ఊపుతోంది.

"ఇక్కడ నీకేం పని?" అన్నాడు.

"పనేం లేదండి." సూరమ్మ అతనికి నమస్కారం పెట్టింది. "గోడ కంటే ఇక్కడే నయమండి, వాన పడదు. తల తుడుచుకోమని చెప్పండి బాబుగారూ. నేను చెబితే వినదు. జలుబు చేస్తుంది."

అతను ఆవిణ్ణి రెక్క పట్టుకుని రోడ్డు మీదికి నెట్టాడు. మర్నాడు గేటుకి పైదాకా రేకు కొట్టించాడు. అయినా సాయంత్రమయ్యేసరికి రేకు అవతల మెల్లగా సూరమ్మ మాటలు వినపడేవి, మధ్యమధ్య నవ్వు కూడా. ఆ నెలలోపే రైసుమిల్లు షెడ్ల పని దొరికిందని చెప్పి మండపేటకి మారిపోయాడు. ఎక్కడికి వెళ్తున్నాడో రాజమండ్రిలో ఎవరికీ చెప్పలేదు.

మండపేటలో అద్దె ఇల్లు కొత్తది. గోడలకి ఇంకా పచ్చి రంగు వాసన ఉంది. చుట్టూ మిల్లుల చప్పుడు, లారీల రాకపోకలు, ఎండబోసిన ధాన్యం. వెంకటదుర్గ మొదటి వారం కడుపునిండా తింది, నిద్రపోయింది. గణేష్‌బాబు మళ్ళీ మనుషుల తల మీదుగా చూస్తూ మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

ఒక ఆదివారం పక్కింటి సంపూర్ణమ్మ గారు గిన్నెలో పులిహోర పట్టుకొచ్చారు. కుర్చీలో కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పారు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"మీ అమ్మాయి కిందికి రాదేంటండి?"

"మాకు పిల్లల్లేరండి," అన్నాడు గణేష్‌బాబు.

"అదేంటండి, రోజూ దీపాల వేళ డాబా మీద నిలబడుతుందిగా." సంపూర్ణమ్మ గారు వెంకటదుర్గ వైపు చూశారు. వెంకటదుర్గ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా ఇంట్లోంచి చూస్తే మా వైపే తిరిగి ఉంటుంది. వెనక వీధి వాళ్ళు కూడా తమ వైపే చూస్తోందని అంటున్నారు. నిన్న పందెం వేసుకుని, మేమూ వాళ్ళూ ఒకేసారి చూశామండి."

ఆవిడ గొంతు తగ్గించారు.

"ఇంతవరకూ ఆ పిల్ల వీపు ఎవరమూ చూళ్ళేదండి."