మారని బరువు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టిందే గానీ కురవలేదు. మబ్బు ఇళ్ల కప్పుల మీదికి దిగి కదలకుండా నిలబడింది. బట్టలు ఆరేసినవాళ్లు తీయాలో ఉంచాలో తేలక తలలెత్తి చూస్తున్నారు.

ఇంటాయన టీ అయినా తాగకుండా బరువు మిషన్ ఎక్కాడు. రాళ్ల క్వారీ దగ్గర లారీలు తూచే కాటా మీద ముప్పై ఏళ్లుగా ఆయనది ఉద్యోగం. ఊళ్లో అందరికీ ఆయన కాటాయన.

“అరవై ఎనిమిది!” అని ఇల్లంతా వినపడేలా చెప్పాడు. “ఎనిమిదేళ్లయింది. ఒక్క కిలో అటూ ఇటూ లేదు.”

“పేపర్లో వేయించమంటావా నాన్నా?” అంది కూతురు జడ వేసుకుంటూ. ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది.

“వేయించు. ఫొటో కూడా ఇస్తాను.”

“పొట్ట లోపలికి పీల్చి తీయించుకో మరి.”

ముందుగదిలో కుట్టు మిషన్ చప్పుడు ఆగింది.

మిషన్ ముందు ఆయన భార్య కూర్చుని ఉంది. వీధిలో ఆమెను టైలరమ్మ అంటారు. ఒళ్లో ఆయన ప్యాంటు ఉంది. నడుము దగ్గర కుట్టు విప్పి లోపల వేలు పెట్టి చూసింది. వదలడానికి ఇక బట్ట లేదు. ఏ ప్యాంటు కుట్టినా వెనక రెండంగుళాలు లోపలికి మడిచి ఉంచడం ఆమె అలవాటు. పది నెలల్లో నాలుగుసార్లు, అరంగుళం చొప్పున, ఆయనకు తెలియకుండా వదిలింది. తొడల దగ్గర మాత్రం లోపలికి పట్టింది. చొక్కాల చేతులూ అలాగే సన్నం చేస్తూ వచ్చింది. బట్టలు ఎప్పటికప్పుడు ఒంటికి అతికినట్టు ఉండేసరికి ఆయనకేమీ తెలియలేదు.

ఆరేళ్ల కిందట ఆమె అన్నయ్యకు ఇలాగే అయింది. పొట్ట ముందుకొచ్చింది, చేతులూ కాళ్లూ పుల్లలయ్యాయి. ఆయన చొక్కాలూ ఆమే సరిచేసింది. కాలేయం పాడైందని తెలిసే నాటికి చేయగలిగిందేమీ లేకపోయింది. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు భర్త కునుకు తీస్తుంటే ఆమె టేపు తెచ్చి, ఊపిరి బిగబట్టి, దండచెయ్యీ పిక్కా నడుమూ కొలిచేది. కొలతల పుస్తకంలో చివరి పేజీలో రాసేది. పేరు రాసేది కాదు.

కాటాయన క్వారీకి వెళ్లాక కూతురు ఆ పుస్తకం తీసింది.

“అమ్మా, బ్యాంకు మేడమ్ జాకెట్టు కొలత చెప్పమంది, ఏ పేజీలో ఉంది?”

“ముందు పేజీల్లో చూడు. చివర్లో చూడకు.”

చూడకు అంటే చూడని పిల్ల కాదది.

“ఎవరమ్మా ఈ మనిషి? నడుము ముప్పై అయిదు నుంచి ముప్పై ఏడున్నరకు వచ్చింది. దండచెయ్యి పన్నెండు నుంచి పదిన్నరకు దిగింది. పిక్కయితే మరీ ఘోరం. బట్టలు తర్వాత కుట్టించుకోవచ్చు, ముందు డాక్టర్‌కి చూపించుకోమను.”

తల్లి చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టబోతే కింద పడింది.

“ఎవరమ్మా?” కూతురి గొంతు తగ్గిపోయింది.

తల్లి తన ఒళ్లోని ప్యాంటు వైపు చూసింది.

కూతురు ఆ రోజు షాపుకు వెళ్లలేదు. ఏం చేయాలో ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి లారీ ఒకటి వచ్చి గుమ్మంలో ఆగింది. డ్రైవరు ఒక వైపు, క్లీనరు ఒక వైపు పట్టుకుని కాటాయన్ని దింపారు.

“కాటా కింద రాయి ఇరుక్కుంటే తీయడానికి గొంతుక్కూర్చున్నాడమ్మా. ఇక లేవలేకపోయాడు,” అన్నాడు డ్రైవరు. “మమ్మల్ని పిలవకుండా పావుగంట అలాగే కూర్చున్నాడు. పరువొకటి!”

“కాలు తిమ్మిరెక్కింది, అంతే,” అన్నాడు కాటాయన. లారీ వెళ్లాక కుర్చీలో కూలబడ్డాడు. “అలా చూస్తారేంటి? చచ్చిపోలేదుగా.”

ఆ మాటకు టైలరమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

కూతురు పుస్తకం తెచ్చి ఆయన ముందు పడేసింది. “చదువు నాన్నా. ఇవి నీ కొలతలే.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తిరగేసి మళ్లీ చదివాడు. “తప్పు. నా బరువు మారలేదు. పొద్దున కూడా చూశాను.”

“మీరే చెప్పేవారు కదండీ,” అంది భార్య. “పదహారు టన్నులంటే పదహారు టన్నులే, లోపల కంకరుందో తడిసిన ఇసకుందో కాటాకేం తెలుసు, టార్పాలిన్ ఎత్తి చూడాలీ అని.”

ఆయన కుట్టు మిషన్ మీదున్న ప్యాంటు అందుకుని నడుము తిరగేశాడు. పాత కుట్లు విప్పిన చోట సూది బెజ్జాలు వరసలు కట్టి ఉన్నాయి. ఒక్కో వరసనూ వేలితో తడిమాడు.

“పది నెలల నుంచి నా ఒంటిని నాకే తెలియకుండా దాచావా? బిగుతైతే నాకు తెలిసేది కాదూ? అడిగేవాణ్ణి కాదూ?” ఆయన గొంతు పెద్దదైంది. “ఇన్నేళ్ల కాపురం చేసి ఇదా నువ్వు చేసింది?”

“భయమేసిందండీ.”

“దేనికి?”

“చెబితే నిజమైపోతుందని. అన్నయ్యకు చెప్పింది నేనే. నీ చేతులు సన్నబడ్డాయన్నయ్యా, డాక్టర్ దగ్గరకు పద అని. వెళ్లాడు. ఎనిమిది నెలల్లో పోయాడు. మళ్లీ నా నోటితో ఆ మాట…” ఆమె పూర్తి చేయలేకపోయింది.

ఆయన ప్యాంటు మడిచి పక్కన పెట్టాడు.

“నేనూ ఒకటి దాచాను,” అన్నాడు నేల వైపు చూస్తూ. “మా నాన్నకు షుగరొచ్చి కాలు తీసేశారు. నేను పక్కనే ఉన్నాను. అరవై ఎనిమిది దాటితే నీకూ తప్పదని ఎనిమిదేళ్ల కిందట డాక్టరు అన్నాడు. మిషన్ మీద ముల్లు కాస్త జరిగిందంటే నాకు భయం పట్టుకునేది. నువ్వు డబ్బాలో పెట్టే గుడ్లూ చేపలూ వాచ్‌మన్‌కి ఇచ్చేసేవాణ్ణి. రెండు బిస్కెట్లతో టీ తాగి సరిపెట్టుకునేవాణ్ణి.”

“అందుకేనా ఆ వాచ్‌మన్ దున్నపోతులా తయారయ్యాడు!” అంది కూతురు. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయికే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో రక్తం తీశారు, పొట్ట స్కానింగ్ చేశారు. తర్వాత ఆయన్ని చెప్పులు విడిచి రెండు లోహపు పలకల మీద నిలబడమన్నారు, చేతికో పిడి ఇచ్చారు. ఒంట్లో కండెంతో కొవ్వెంతో చెప్పే కాగితం నిమిషంలో వచ్చింది. రిపోర్టులన్నీ డాక్టరమ్మ చేతికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. అంతసేపూ బెంచీ మీద ముగ్గురూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. పిలుపు వచ్చినా టైలరమ్మ బెంచీ మీదే ఉండిపోయింది. కూతురు లేపింది.

“కాలేయంలో కొంచెం కొవ్వు చేరింది. అంతకు మించి ఏమీ లేదు,” అంది డాక్టరమ్మ.

టైలరమ్మ ఆ మాట మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పింది.

“కానీ సంతోషపడకండి. షుగరు వాకిట్లో నిలబడి ఉంది. ఈయన ఒంట్లో మూడో వంతు కొవ్వే. కండ చాలా పోయింది. బరువు నిలబెట్టుకున్నారు సరే, కండ అమ్ముకుని కొవ్వు కొనుక్కున్నారు. తిన్న చక్కెర ఖర్చయ్యేది కండలోనే. అదే లేకపోతే ఎక్కడికి పోతుంది? ఇంకో ఏడాది ఇలాగే ఉంటే ఏ స్నానాలగదిలోనో పడి తుంటి విరగ్గొట్టుకునేవారు.”

“ఇప్పుడేం చేయాలి?” కాటాయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది.

“తినాలి. పూటపూటా ప్రోటీన్ ఉండాలి. బిస్కెట్లు మానాలి. చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవాలి, రోజుకు మూడు పూటలా. నడక ఒక్కటే చాలదు, బరువులు ఎత్తాలి. బరువు మిషన్ వారానికోసారి చూడండి, చాలు. నెలకోసారి టేపుతో నడుమూ పిక్కా కొలవండి. కండ మళ్లీ వస్తుంది. ఈ వయసులోనూ వస్తుంది. ఆలస్యంగా వస్తుంది.” కూతురు తెచ్చిన పుస్తకంలోని చివరి పేజీ డాక్టరమ్మ ముందుంది. “ఈ కొలతలు ఎవరు తీశారు? మా మిషన్ ఇవాళ్టి సంగతి చెబుతుంది. ఎప్పట్నుంచి జారుతోందో ఈ పేజీ చెప్పింది. కొన్ని నెలల ముందే తెచ్చి ఉంటే ఇంకా బాగుండేది.”

టైలరమ్మ తల వంచుకుంది. కాటాయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పరాయివాళ్ల ముందు ఆయన ఎప్పుడూ అలా చేయలేదు.

ఇంటికొచ్చాక కూతురు వంట చేసింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కాటాయన కంచంలో రెండు గుడ్లు, చేప ముక్క, గిన్నెడు పప్పు పెట్టింది. ఆయన వాటి వైపు చూసి కాసేపు ఆగాడు. భయం పోలేదు. అయినా ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. భార్య ఆయన నోటి వైపే చూస్తోంది, తన కంచం ముట్టుకోలేదు.

నీళ్లు పోయడానికి ఆమె చెంబు ఎత్తింది. చేతి గడియారం మణికట్టు నుంచి జారి మోచేతి దాకా పోయింది. ఆయన చూశాడు. గడియారం పట్టీకి ఉన్న బెజ్జాలు దాటి, సూదితో పొడిచిన కొత్త బెజ్జాలు రెండున్నాయి. రెండోదానికి పెట్టుకున్నా అది నిలవడం లేదు.

పది నెలలుగా ఆమె ఆయన్ని కొలిచింది. ఆమెను ఎవరూ కొలవలేదు.

కాటాయన నమలడం ఆపాడు. కళ్లు నిండాయి. తన కంచంలోని ఒక గుడ్డు తీసి ఆమె కంచంలో పెట్టాడు. చేప గిన్నె ఆమె ముందుకు జరిపాడు. ఆమె ముద్ద ఎత్తేదాకా ఆయన చెయ్యి గాల్లోనే ఉంది. తర్వాత ఇద్దరూ తిన్నారు. కూతురూ తింది.